మూడు నిమిషాలు కదలని బండి

కడప,
7 జూలై 2025, సోమవారం.

చిన్నమ్మకు,

ఈ రోజు పొద్దున ఆఫీసులోకి అడుగు పెట్టగానే ఒక వింత. గోడ మీద నా పేరు! పసుపు చీటీ మీద నల్ల ఇంకుతో 'మధులత' అని రాసి ఉంది. కాలేజీ వాళ్ళు నన్ను ఇక్కడికి శిక్షణకు పంపి పదిహేను రోజులే అయింది. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని చూసి రాసుకోవడమే నా పని. ఈ రోజు నుంచి నాకంటూ ఒకటి ఇచ్చారు. అప్పటి నుంచి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

నువ్వు డోన్‌లో నాపరాళ్ళు తోలే కరెంటు ఆటో ఈ కంపెనీదే. ఇనుము, చక్రాలు, బ్యాటరీ వేరే ఊళ్ళో బిగిస్తారు. కడపలో మేము పద్నాలుగు మందిమి కూర్చుని ఆ బండి ఎప్పుడు ఎలా నడుచుకోవాలో రాస్తాం. రోజూ తొమ్మిదిన్నరకు అందరూ గోడ ముందు నిలబడతారు. నిన్న ఏం చేశావు, ఈ రోజు ఏం చేస్తావు, నీకేం అడ్డుపడుతోంది, ఈ మూడే ప్రశ్నలు. కూర్చుంటే మాటలు సాగుతాయట, అందుకని కుర్చీలు ఉండవు. ప్రతి పనినీ ఒక చీటీ మీద డ్రైవర్ నోటితో అడిగినట్టు రాసి గోడకు అంటిస్తారు. దాన్ని 'కథ' అంటారు! రెండు వారాల్లో ఆ కథ పూర్తి కావాలి.

ఇంకా విను. మేము రాసింది పంపగానే దానికి మిషన్లే వందల పరీక్షలు పెడతాయి. అన్నీ నెగ్గితే పచ్చ దీపం. పచ్చ వెలిగితే ఆ మార్పు ముందు ఇరవై బండ్లకు గాలిలోనే చేరిపోతుంది. వారం రోజులు అవి బాగుంటే మిగిలిన పద్దెనిమిది వందల బండ్లకు పోతుంది. మెకానిక్ దగ్గరకు పోవాల్సిన పని లేదు, కొత్త మోడల్ కొనాల్సిన పని లేదు.

నా చీటీ మీద ఇలా ఉంది: 'బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు నాకు ఛార్జీ వృథా కాకూడదు.' బండ్ల నుంచి వచ్చే లెక్కల్లో పేర్లుండవు, నెంబర్లే. కొన్ని బండ్లు రోజూ పొద్దున పదిహేను, ఇరవై నిమిషాలు ఆన్‌లోనే ఉంటాయి, అంగుళం కూడా కదలవు. ఎవరో బద్ధకస్తులు తాళం తీసి బండి ఆపకుండా టీ తాగుతున్నారని నా అనుమానం. మా టీమ్ లీడర్ స్వర్ణలత మేడం, "డ్రైవర్లను అడిగి తెలుసుకో" అన్నారు. "మా ఇంట్లోనే ఒక డ్రైవర్ ఉంది మేడం" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎంత గొప్పగా ఉందో నువ్వు వినాల్సింది.

కాబట్టి చెప్పు. లోడు ఎత్తేటప్పుడు నీ బండి ఆన్‌లో ఉంటుందా? ఎంతసేపు?

ఫోన్ చేయొచ్చు. కానీ పాలిష్ మిషన్ దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసిన నీ ఎడమ చెవికి సగం మాటలే అందుతాయి. ఇక్కడేమో సాయంత్రం దాకా మా ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. డోన్ బస్సు కండక్టర్ ఏసేపన్న ఉండగా మనకేం తక్కువ? అదీగాక, ఉత్తరం రాస్తుంటే నాకు మాటలు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నాయి. ఫోన్లో రావు.

తొందరగా రాయి. నాకు ఓపిక లేదు.
మధు

*

డోన్,
10 జూలై, గురువారం.

మధూ,

నీ కవరు ఇవ్వడానికి ఏసేపు బస్సు దిగి టీ అంగడి దాకా వచ్చినాడు. "ఏమక్కా, ఇంత లావుండాది, ఏమన్నా కోర్టు కాగితాలా?" అన్నాడు. మా మధు రాసిన ఉత్తరమప్పా అంటే నమ్మలేదు. "ఈ కాలంలో ఉత్తరాలు ఎవురు రాస్తారక్కా" అని తిప్పి తిప్పి చూసినాడు.

పద్నాలుగు మంది గోడ ముందు నిలబడి మాట్లాడుకుంటే జీతాలిస్తారా? మా హమాలీలు రోజంతా నిలబడే మాట్లాడుకుంటారు. వాళ్ళకూ ఒక గోడ ఇప్పించు.

నేను బాగున్నాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర పొద్దున ఆరుకే వరుస మొదలవుతుంది. నా వెనకాలే మహానంది డీజిల్ బండి. ఆ మనిషికి నన్ను ఏదో ఒకటి అనకపోతే తెల్లవారదు. మొన్న, "శివక్కా, రాత్రంతా వైరు తగిలించి మేపుతావు కదా, పొద్దున పాలేమన్నా ఇస్తాదా నీ బండి?" అన్నాడు. అందరూ నవ్వినారు. "నీది పొగ తాగుతుంది, నాది తాగదు, అంతే తేడా" అన్నాను. సిద్దమ్మ మాత్రం నా పక్కే. మిషన్ దగ్గర నాతో పనిచేసిన సిద్దమ్మ గుర్తుంది కదా, ఇప్పుడు లోడింగులో ఉంది. నా బండికి బండలెత్తేది ఆమే.

నువ్వు అడిగిన దానికి జవాబు రాస్తున్నాను. వరుసలో నా వంతు వచ్చినాక ర్యాంపు మీద బండి నిలబెడతాను. నిలబెట్టగానే తాళం తీసేస్తాను. దిగి రెండు వెనక చక్రాల కిందా రాళ్ళు పెడతాను. లోడయినాక రాళ్ళు తీసి, తాళం పెట్టి బండి ఆన్ చేస్తాను. ఒక్క నిమిషం కూడా ఊరికే ఆన్‌లో పెట్టను. కంపెనీ వాళ్ళు బండి ఇచ్చిన రోజు ఎట్లా చెప్పినారో అట్లానే.

ఇదంతా వాళ్ళకెందుకు? ఎవరు ఎట్లా తోలుతున్నారో రాసుకుని, సరిగ్గా తోలనోళ్ళ బండి వెనక్కి తీసుకుంటారా? నాకోసం కాదు, ఊరికే అడుగుతున్నాను.

వేళకు తిను. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతాయి.
చిన్నమ్మ, శివకుమారి

*

కడప,
14 జూలై, సోమవారం.

చిన్నమ్మకు,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి వినిపించాను! పాలిచ్చే బండి దగ్గర అందరూ పడి పడి నవ్వారు. తర్వాత రాళ్ళ సంగతి చదివాను. స్వర్ణలత మేడం వెంటనే, "ఒక్కరి మాటేనా మధులతా? ఇంకో పదిమందిని అడగవా?" అన్నారు. "మా చిన్నమ్మ రాయి పెట్టానంటే పెట్టినట్టే మేడం. అందరూ అలాగే చేయాలని కంపెనీయే చెప్పింది కదా" అన్నాను. పదిమందినీ అడుగుదామనే అనుకున్నాను. కానీ రెండు వారాల్లో ఒక వారం అప్పటికే అయిపోవస్తోంది. గోడ మీద అందరి చీటీలూ 'అయినవి' వైపు జరుగుతున్నాయి, నాదొక్కటే మొదటి వరుసలో వేలాడుతోంది. 

అందుకని రాసేశాను. రెండు రోజులు, పొద్దున నుంచి రాత్రి దాకా. ఆ పనికి పేరు పెట్టడానికే ఒక పూట పట్టింది. ఆపడం, ఆర్పడం, మూయడం, నిద్రపుచ్చడం. నాలుగు మాటలూ నోట్లో వేసుకుని నమిలి నమిలి చివరిది తీసుకున్నాను. నా కోడ్‌కు అరవై నాలుగు పరీక్షలు. మొదటిసారి పదకొండు ఎర్ర దీపాలు వెలిగాయి. నా పక్కన కూర్చునే వంశీ, "దీపావళి ముందే వచ్చింది నీకు" అన్నాడు. శనివారం సాయంత్రానికి అన్నీ పచ్చ. బల్ల మీద పెట్టిన మోటారు, దానికి అతికించిన స్క్రీన్, నేను చెప్పినట్టే చేశాయి. లేచి కారిడార్‌లో మూడుసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను.

అది ఏం చేస్తుందో నీకు చెప్పను. నీ బండి తనంతట తానే ఛార్జీ మిగుల్చుకుంటుంది, అంతవరకే. ఎలాగో నువ్వే కనిపెట్టి రాయాలి. మొదటి ఇరవై బండ్లలో నీ బండిని నేనే అడిగి చేర్పించాను. పదిహేడో నెంబర్ నీదే. శుక్రవారం సాయంత్రం స్క్రీన్ మీద 'కొత్త మార్పు వచ్చింది, సరేనా?' అని అడుగుతుంది. 'సరే' నొక్కు. ఇది నా మొదటి జీతం లాంటిది. అది నీకే రావాలని నా కోరిక.

బండి వెనక్కి తీసుకోవడం ఏమిటి? నువ్వు చక్కగా తోలుతున్నావు కదా. అలాంటి భయం బద్ధకస్తులకు ఉండాలి.

శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చూస్తూ,
మధు

*

డోన్,
17 జూలై, గురువారం.

మధూ,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివినాను. ఆఫీసులో నా ఉత్తరం చదివి వినిపించినావా? అందరి ముందరా? రాళ్ళ సంగతి కూడానా? అట్లా చదువుతావని తెలిసి ఉంటే వేరేగా రాసేదాన్ని.

కొత్త మార్పు అని నోరు జారి గేటు దగ్గర అన్నాను. మహానంది ఊరుకుంటాడా? "అక్కా, అది నీ మీద నిఘా. నువ్వు యాడ నిలబడినావు, ఎంతసేపు నిలబడినావు, అంతా కడపలో టీవీ మాదిరి చూస్తాంటారు" అన్నాడు. "చూస్తే చూడనీ, నేనేం దొంగతనం చేస్తాండానా" అన్నాను. అన్నాను గానీ ఆ రోజు ర్యాంపు ఎక్కేటప్పుడు నాకే తెలియకుండా స్క్రీన్ మీద టవలు కప్పినాను.

నువ్వు చెప్పినావు కాబట్టి రేపు 'సరే' నొక్కుతాను. నీ మొదటి జీతం అన్నావు, వద్దని ఎట్లా అంటాను.

నీకొక మాట చెప్పాల్సింది ఉంది. ఇప్పుడు వద్దులే. బస్సు వేళయింది, ఏసేపు హారన్ కొడుతున్నాడు. ఇంకోసారి రాస్తాను.

చిన్నమ్మ

*

కడప,
21 జూలై, సోమవారం.

చిన్నమ్మకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. శనివారం నుంచి తొమ్మిదిసార్లు చేశాను. అమ్మను అడిగితే, "బాగానే ఉండాది, నిన్ననే మాట్లాడినా, పనిలో ఉంటాదిలే" అంది. కానీ నా దగ్గర ఇంకో లెక్క ఉంది.

ఇరవై బండ్లలో పంతొమ్మిది బాగున్నాయి. ఛార్జీ మిగిలింది కూడా. ఉదయం మీటింగులో చప్పట్లు కొట్టారు, నాకోసం బేకరీ నుంచి దిల్‌పసంద్ తెప్పించారు. నేను తినలేదు. పదిహేడో నెంబర్ బండి శనివారం పొద్దున ఆరు గంటల యాభై రెండు నిమిషాలకు నిద్రలోకి పోయింది. నిద్రలో ఉండగానే రెండు గజాలు వెనక్కి కదిలింది. ఆ తర్వాత ఒక ట్రిప్పు కూడా తిరగలేదు. నిన్నా లేదు, ఈ రోజూ లేదు.

తాళం తీసి, చక్రాల కింద రాళ్ళు పెట్టిన బండి నిద్రపోవాల్సిన అవసరమే రాదు కదా? రెండు గజాలు ఎలా కదిలింది? వంశీని అడిగితే, "తోసుంటారు. లేదంటే సెన్సర్ తప్పు" అన్నాడు. కావచ్చు. మేడంకు చెప్పాను. "మీ చిన్నమ్మనే అడుగు, నీకంటే ఎవరికి బాగా చెప్తుంది" అన్నారు.

ఇక దాచను. నేను రాసింది ఇదే. బండి మూడు నిమిషాలు కదలకుండా ఉంటే పదిసార్లు బీప్ కొట్టి, తాళం తీయకపోయినా మోటారుతో సహా నిద్రపోతుంది. ఇంతే.

ఈ శుక్రవారం, ఇరవై ఐదో తేదీ, పొద్దున ఏడు గంటలకు అది మిగిలిన పద్దెనిమిది వందల బండ్లకు పోతుంది. ఎవరూ ఏమీ అనకపోతే దానంతట అదే పోతుంది.

శనివారం ఏం జరిగింది? ఒక్క ముక్కయినా రాయి. ఏసేపన్నతో, రాసి ఇచ్చేదాకా నీ ఎదురుగానే నిలబడమని చెప్పి పంపుతున్నాను.

మధు

*

డోన్,
22 జూలై, మంగళవారం.

మధూ,

ఏసేపు నిజంగానే నిలబడినాడు. బస్సు నాలుగు నిమిషాలు లేటు అయిందని డ్రైవర్ తిడుతున్నాడు. రేపు పొద్దున బస్సుకు తప్పకుండా ఇస్తానని ఒట్టు పెట్టించుకుని పోయినాడు. అందుకని సాయంత్రం దీపం పెట్టినాక కూర్చుని రాస్తున్నాను.

నేను నీకు అబద్ధం రాసినాను. తాళం తీయను. రాళ్ళు పెట్టను. ఎప్పుడూ పెట్టలేదు.

ఫ్యాక్టరీ ర్యాంపు ఏటవాలుగా ఉంటుంది. బండి ముందు భాగం పైకి, వెనక భాగం కిందికి, బండల వైపు. లోడు పడే కొద్దీ హ్యాండ్ బ్రేకు నిలవదు. మిగతా వాళ్ళకు క్లీనర్లు ఉన్నారు, రాయి పెట్టేదీ తీసేదీ వాళ్ళే. నాకు ఎవరున్నారు? నేను దిగి, వంగి, రాయి పెట్టి, మళ్ళీ ఎక్కితే వెనకాల హారన్లు. "ఆడోళ్ళకు ఎందుకప్పా బండ్లు" అనే మాట ఒకటి. కానీ ఈ బండిలో ఒక సంగతి కనిపెట్టినాను. తాళం ఆన్‌లో ఉంచితే, బ్రేకు మీది నుంచి కాలు తీసినా బండి వెనక్కి జారదు. మోటారే పట్టుకుని ఉంటుంది. మొదటిసారి అది చూసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అప్పటి నుంచి ఇరవై నిమిషాలు సీటు దిగకుండా అట్లానే లోడు ఎత్తించుకుంటున్నాను. నీ లెక్కల్లోని బద్ధకస్తురాలిని నేనే.

నువ్వు అడిగినప్పుడు కంపెనీ వాళ్ళు తప్పు పట్టి బండి తీసుకుపోతారని భయపడి అట్లా రాసినాను. నీ దగ్గర తక్కువ కావడం కూడా ఇష్టం లేకపోయింది.

శనివారం సిద్దమ్మ పదకొండో బండ ఎత్తుతోంది. స్క్రీన్ నల్లగా అయింది. బీప్ అన్నావే, నేను వినలేదు. మిషన్లు తిరుగుతుంటే మంచి చెవికే ఏమీ వినపడదు, ఆ బీప్ కొట్టే డబ్బా నా ఎడమ పక్కనే ఉంది. బండి జారింది. నేను బ్రేకు తొక్కేసరికి సిద్దమ్మ వెనక్కి దూకింది. చేతిలోని బండ ఆమె కుడికాలి మీద పడింది. రెండు వేళ్ళు విరిగినాయి. పెద్దాసుపత్రిలో కట్టు కట్టినారు. ఇంకొక గజం పోయి ఉంటే వెనకాల గోడే. 

అందరూ గుమిగూడినారు. మహానంది, "కాలు యాడ పెట్టినావక్కా? కలలు కంటాంటివా?" అన్నాడు. ఆ నల్ల స్క్రీన్ చూడగానే ఇది నీ బహుమతే అని నాకు అర్థమైంది. చెప్తే నీ పని పోతుందనుకున్నాను. "బ్రేకు మీద నా కాలు జారింది, తప్పు నాదే" అన్నాను. ఫ్యాక్టరీ ఓనరు శుక్రవారం దాకా గేటు లోపలికి రావద్దన్నాడు, తర్వాత ఆలోచిస్తాడట. బండి ఇంటి ముందర ఉంది. అక్కకు ఏమీ చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు.

నీ ఉత్తరంలో పద్దెనిమిది వందలు అని చదివినాక ఇంక దాచలేక రాస్తున్నాను. అది ఆపు మధూ. ఎట్లయినా ఆపు. నా పేరు మాత్రం చెప్పొద్దు. రాళ్ళు పెట్టదని తెలిస్తే మళ్ళీ ఆ గేటులో నన్ను అడుగు పెట్టనీరు.

చిన్నమ్మ

*

కడప,
23 జూలై, బుధవారం.

చిన్నమ్మకు,

ఏసేపన్న తొలి బస్సుకే వచ్చి, ఆఫీసు మెట్ల మీద నా కోసం కూర్చున్నాడు. నీ ఉత్తరం నిలబడే చదివాను. సిద్దమ్మత్త కాలు ఎలా ఉంది? ముందు అది రాయి.

తొమ్మిదిన్నరకు గోడ ముందు నిలబడ్డాం. నా వంతు వచ్చింది. నిన్న ఏం చేశావంటే చెప్పాను. ఈ రోజు ఏం చేస్తావంటే, "శుక్రవారం పంపేది ఆపాలి మేడం" అన్నాను. ఎందుకని అడుగుతారనుకున్నాను. నా దగ్గర పెద్ద వివరణ సిద్ధంగా ఉంది. ఆమె అడగలేదు. "వంశీ, ముందు ఆపు" అన్నారు. వంశీ ఆపాడు. ఇరవై బండ్లకూ పాతదే తిరిగి పంపాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు" అన్నారు.

చెప్పాను. ఏటవాలు మీద మోటారే బండిని పట్టుకుని ఉంటుందని, దాన్ని నేను నిద్రపుచ్చానని, ఒకామె కాలి వేళ్ళు విరిగాయని. పదిమందిని అడగమంటే అడగలేదని. నాకిష్టమైన బండిని ఇరవైలో చేర్పించుకున్నానని. బీప్ డబ్బా ఎడమ పక్కన ఉంటుందని నాకు తెలుసు. నీ ఎడమ చెవి సంగతి ఈ ఆఫీసులో నాకొక్కదానికే తెలుసు. రెండూ తెలిసి కూడా ఆ రెండింటినీ ఒక చోట పెట్టి చూడలేదు. 

నీ పేరు చెప్పలేదు. కానీ మొన్న నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను కదా. అందరికీ అర్థమైంది. ఎవరూ పైకి అనలేదు.

మేడం తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లెక్కలు తెరిపించి, బండి ఎంత వాలులో నిలబడిందో కూడా కలిపి చూడమన్నారు. ఆ వాలు కొలిచే సెన్సర్ బండిలో మొదటి నుంచీ ఉంది, మేమే దాన్ని చదవలేదు. మధ్యాహ్నానికి లెక్క తేలింది. పద్దెనిమిది వందల బండ్లలో నాలుగు వందల పన్నెండు బండ్లు రోజూ ఏటవాలు మీద మూడు నిమిషాలకు మించి మోటారు పట్టు మీదే నిలబడుతున్నాయి. నాలుగు వందల పన్నెండు మంది, చిన్నమ్మా! వాళ్ళందరూ దిగకుండా లోడు ఎత్తించుకుంటున్నారు, అడిగితే రాళ్ళు పెడుతున్నామనే చెప్తారు. శుక్రవారం పొద్దున ఏడు గంటల తర్వాత ఏమై ఉండేదో ఆలోచిస్తూ వంశీ కూడా కుర్చీలోంచి లేచి తిరగడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మేడం ఒకటి అడుగుతున్నారు. లోడు ఎత్తే చోటికి పోయి కళ్ళతో చూడాలి అని. శుక్రవారం పొద్దున ఆరుకు మీ గేటు దగ్గరకు వస్తారట. ఆమె, వంశీ, నేను. ఖాళీ బండికే ఆ నిద్ర మళ్ళీ పెట్టి, బీప్ ఎవరికి వినిపిస్తుందో, బండి ఎంత జారుతుందో చూడాలి. శనివారం తప్పు కంపెనీ సాఫ్ట్‌వేర్‌దని ఓనరుకు రాసి ఇస్తామన్నారు. సిద్దమ్మత్త వైద్యం కూడా కంపెనీదే బాధ్యత అని ఆ కాగితంలోనే రాస్తారు. కానీ ఆ కాగితంలో చక్రాల కింద రాళ్ళు లేవని కూడా రాయాలి. అది తీసేసి రాయలేమన్నారు.

నువ్వు వద్దంటే మైదుకూరు మార్కెట్ దగ్గరకు పోతాం, అక్కడా ఏటవాలు ఉంది. అప్పుడు నీ పేరు ఎక్కడా రాదు. కానీ కాలు జారిందనే మాట నీ మీద అలాగే ఉండిపోతుంది. ఏది చేయమని చెప్పడానికి నాకు నోరు లేదు. నా చీటీ మీద నా పేరు ఇంకా ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

రేపు మధ్యాహ్నం బస్సు దగ్గర నిలబడి ఉంటాను.
మధు

*

డోన్,
24 జూలై, గురువారం.

మధూ,

రాతకొక భాష, మాటకొక భాష అని బడిలో పంతులు కొట్టి నేర్పించినాడు. ఈ రోజు నాకు అంత తీరిక లేదు, నోటికొచ్చినట్లు రాస్తాండా.

నిన్న రాత్రి నీ ఉత్తరం అందినాక నేరుగా సిద్దమ్మ ఇంటికి పోయినా. కాలు దిండు మీద పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తాండాది. పక్కన కూర్చుని అంతా చెప్పినా. రాళ్ళు పెట్టలేదనేది కూడా చెప్పినా. ఆమె నా వైపు చూడనే లేదు. "రాళ్ళు లేవని నాకు తెలీదామ్మే? ఎనకుండేది నేను. రోజూ చూస్తాండా. నువ్వు దిగితే లేటయితాదని నేనే గమ్మునుండా" అనింది. పోనీలే అనుకుని లేవబోయినా. అప్పుడు తిట్టింది సూడు. "దాని గురించి కాదు నా కోపం. ఇరిగింది నా కాలు. ఎందుకు ఇరిగిందో ఊరంతటికీ ఒక అబద్ధం చెప్తివి, సరే. నాకన్నా నిజం చెప్పొద్దా? అయిదు దినాలు నా కాడికొచ్చి, అన్నం తినిపించి, అబద్ధం చెప్పి పోతాంటివి!" అనింది. చిక్కుడుకాయల గిన్నె నా దిక్కు తోసేసింది. అవన్నీ ఒలిచి పెట్టి వచ్చినా.  పొద్దున మళ్ళీ పోతే, "కుర్చీ తీసుకురా, రేపు నేనూ వస్తా" అనింది.

అక్కడి నుంచి గేటు కాడికి పోయినా. లోపలికి రావద్దన్నాడు కాబట్టి బయటనే నిలబడి ఓనరును పిలిపించినా. అందరూ ఉండారు. చెప్పేసినా. "నేను రాళ్ళు పెట్టేదాన్ని కాదు, ఎప్పుడూ పెట్టలేదు. శనివారం నా కాలు జారలేదు, బండి నిద్రపోయింది" అని. మహానంది నవ్వుతాడనుకున్నా. "నిద్రపోతాదా బండి? మా బండ్లు ఆవులించను కూడా ఆవులించవక్కా" అన్నాడు. మళ్ళీ వాడే వినీ వినపడకుండా, "నా క్లీనరు రానప్పుడు నేనూ పెట్టను" అన్నాడు. ఇంకొకడు నేలకేసి చూసినాడు. ఓనరు మటుకు ఏమీ తేల్చలేదు. "కడపోళ్ళను రానీ. సూసినాక చెప్తా, నీ బండి ఉండాల్నా పోవాల్నా అని" అన్నాడు. పోతాదేమో. నాకు తెలీదు. భయమయితే ఉండాది. కానీ నిన్నటి మాదిరి కాదు.

మైదుకూరు వద్దు. ఈడికే రాండి.

రేపు పొద్దున ఆరుకు అన్నావు, మీ మేడంకు చెప్పి అయిదున్నరకే రాండి. ఆరయితే వరుస మొదలయితాది. మూసిన చెప్పులు ఏసుకోండి, రాతి ముక్కలు గుచ్చుకుంటాయి. ఓనరు నన్ను అంతవరకూ లోపలికి వదుల్తానన్నాడు. బండి ఖాళీగానే ర్యాంపు ఎక్కిస్తా. చక్రాలకు జానెడు దూరంలో రాళ్ళు పెట్టేది మహానంది, వాడే ఒప్పుకున్నాడు. మిషన్లు అన్నీ తిప్పమని చెప్పినా, ఆ శబ్దం లేకుండా చూస్తే మీకేం తెలుస్తాది? నేను సీట్లో కూర్చుని రోజూ ఎట్ల చేస్తానో అట్లనే చేస్తా. నువ్వు నా కుడి పక్క నిలబడు. బీప్ మొదలయినప్పుడు నాకు చెప్పొద్దు, సైగ కూడా చేయొద్దు, నాకు ఇనిపిస్తాదో లేదో చూసుకోనీ.

ఎనక మాత్రం ఎవురూ నిలబడకూడదు. మీ మేడమయినా సరే, పక్కకే.

చిన్నమ్మ